బెంచీ అలక

ఆ ఇంట్లో అలగడానికి ఒక పద్ధతి ఉండేది. నవ్వకండి, నిజంగానే ఉండేది. కోపం వచ్చినవాళ్ళు గిన్నెలు విసరడం, నోరు పారేసుకోవడం లాంటివి చెయ్యరు. మూతి ముడుచుకుని మేడమెట్లెక్కి వెనక గదిలోకి పోయి కూర్చుంటారు. ఆ క్షణం నుంచి వాళ్ళను ఎవరూ పలకరించకూడదు, వాళ్ళూ ఎవరితోనూ మాట్లాడకూడదు. వేళకు గుమ్మం బయట స్టూలు మీద పళ్ళెం పెట్టి వెళ్ళిపోతారు. లోపలికి ఎవరూ అడుగు పెట్టకూడదు. అలిగినవాళ్ళు స్నానాలగదికి తప్ప గుమ్మం దాటకూడదు. ముందు ఎవరి నోరు పెగిలితే వాళ్ళు ఓడినట్టు. ఇంట్లోవాళ్ళు ముందు పలికితే అడిగింది ఇచ్చి తీరాలి. అలిగినవాళ్ళే ముందు పలికితే ఆ కోరిక ఇక జన్మలో ఎత్తకూడదు.

అత్తగారు అలా అలిగే వంటింటికి కిటికీ పెట్టించుకుంది. మామగారు అలిగే కొట్టు బోర్డుకు తనకిష్టమైన ఎర్రరంగు వేయించుకున్నాడు. వాళ్ళబ్బాయి చిన్నప్పుడు సైకిలు కోసం అలిగి, గెలుపు అంచుదాకా వచ్చి, గట్టిగా తుమ్మి "అమ్మా" అన్నాడు. అంతే, సైకిలు లేదు. ఒకసారి అత్తగారు చీటీ రాసి తలుపు కిందనుంచి తోస్తే "రాసినా పలికినట్టే" అని మామగారు తీర్పిచ్చాడు. కుక్కతో మాట్లాడొచ్చా అన్న ప్రశ్న వస్తే, ఇంట్లోవాళ్ళు మాట్లాడొచ్చుగానీ అలిగినవాళ్ళ గొంతు మాత్రం ఏ వంకతోనూ బయటికి వినపడకూడదని తేల్చాడు. ఏం ఇల్లో, ఏం మనుషులో! అంత బుర్ర పెట్టి నోటితో నాలుగు మాటలు చెప్పుకుంటే పోదూ?

కోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఈ వైనమంతా విని కడుపుబ్బ నవ్వింది. ఇప్పుడు ఆ వెనక గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నది ఆమే.

ఆమె అడిగింది మరీ గొంతెమ్మ కోరికేం కాదు. పెళ్ళికి ముందు ఆమె బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. ఊరికి ఆ చివర ఉన్న కుట్టు శిక్షణ కేంద్రంలో కటింగ్ నేర్పడానికి టీచరు కావాలని కబురొచ్చింది. వస్తుందో రాదో సోమవారం పొద్దున చెప్పాలి. ఆ మాట ఇంట్లో ఎత్తగానే మామగారు చేతిలో సుత్తి కింద పెట్టేశాడు. "కొట్లో కత్తెర పట్టే దిక్కులేక నేను చస్తుంటే, ఊళ్ళోవాళ్ళకి నేర్పడానికి పోతావా అమ్మాయ్?" అన్నాడు. "మరి ఇంట్లో పని? నేనా?" అంది అత్తగారు. మొగుడు ఎప్పట్లాగే నీళ్ళు నమిలాడు.

వాళ్ళది సోఫాల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో ఇరుకు మెట్లు. పాత సోఫాల తోలు ఒలిచి, కొత్త స్పాంజి వేసి, కొత్త గుడ్డ తొడగడం పని. కోడలికి పొద్దున్న లేస్తే పైన వంటిల్లు, తర్వాత కింద కత్తెర, మళ్ళీ పైన వంటిల్లు, మళ్ళీ కింద కత్తెర. గాలి మారాలంటే రెక్సిన్ వాసనలోంచి జిగురు వాసనలోకి రావడమే. వీధి మొహం చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. ఈ మెట్ల మీదే తన బతుకు తెల్లారిపోతుందని ఆమెకు భయం పట్టుకుంది. "నాకిక్కడ ఊపిరాడట్లేదండీ" అని ఒకరోజు మొగుడితో అంది. అతను పాపం, బజారుకెళ్ళి టేబులు ఫ్యాను కొనుక్కొచ్చాడు. అప్పుడే ఆమెకు అర్థమైంది, ఈ ఇంట్లో మాటలతో పని జరగదని. మర్నాడే వెనక గదిలోకి వెళ్ళి కూర్చుంది.

గది నిండా స్పాంజి షీట్లు కప్పుదాకా పేర్చి ఉంటాయి. గోడలకు రెక్సిన్ చుట్టలు నిలబెట్టి ఉంటాయి. మధ్యలో ఒక మనిషి కాళ్ళు చాపుకునేంత చోటు. ఒక కిటికీ ఉందిగానీ, తెరిస్తే పక్కింటి గోడ, మూస్తే మనింటి గోడ. ఊపిరాడక అలిగిన మనిషి ఊపిరాడని గదిలోనే కూర్చోవాలన్నమాట.

ఇంతలో కుక్క కూడా అలిగింది. అంటే, అలిగిందనే ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

కుక్కంటే మామూలు కుక్క కాదు, డాషండ్. జానెడు కాళ్ళు, బారెడు ఒళ్ళు. అత్తగారు ముచ్చటపడి పిల్లప్పుడు తెచ్చుకుంటే, మామగారు ఎగాదిగా చూసి "ఇదేం కుక్కే, బెంచీలా ఉంది" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది. వాడికి కొట్లో ఒక ఉద్యోగం కూడా ఉండేది. కొత్తగా కుషన్లు వేసిన ఏ సోఫా అయినా సరే, బెంచీ ఎక్కి చూడందే కొట్టు దాటదు. సోఫా తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళ ముందు మామగారు చిటికె వేసి "ఎక్కరా!" అనేవాడు. వాడు చెవులు ఎగరేస్తూ దూకి ఎక్కి, స్పాంజి మీద రెండు గెంతులు వేసి, "దిగరా!" అనగానే కిందికి దూకేవాడు. ఉడికించిన గుడ్డు ముక్క ఒకటి వాడి నోట్లో పడేది. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఏళ్ళతరబడి ఇదే తంతు.

ఆ వారం ఒక బ్యాంకు మేనేజరుగారు కుటుంబంతో సహా వచ్చి సోఫా చూసుకుంటున్నారు. మామగారు మీసం దువ్వుకుని "ఎక్కరా!" అన్నాడు. బెంచీ సోఫా దాకా వచ్చాడు, పైకి చూశాడు, ఆగిపోయాడు. మళ్ళీ "ఎక్కరా!" అంటే మెల్లగా వెనక్కి తిరిగి బల్ల కింద దూరాడు. మేనేజరుగారి పిల్లలు పకపకా నవ్వారు. మామగారికి తల కొట్టేసినట్టయింది. వాళ్ళు వెళ్ళాక వాడిని బల్ల కిందనుంచి లాగి "పరాయివాళ్ళ ముందు పరువు తీస్తావుట్రా తిండిపోతు వెధవా!" అని చెడామడా తిట్టాడు.

అప్పట్నుంచి బెంచీ తిండి ముట్టలేదు. మూలమూలల్లో మొహం దాచుకున్నాడు. మెట్ల దగ్గరికొచ్చి మొదటి మెట్టు చూసి ఆగిపోయేవాడు. ఆ ఇంట్లో దీనికి వేరే అర్థం ఎలా వస్తుంది చెప్పండి? తిండి మానెయ్యడం, గోడకేసి తిరగడం, పిలిస్తే పలక్కపోవడం, అచ్చం వాళ్ళు చేసేదే. "చూశారా, మన పెంపకం! తిట్టారని అలిగాడు నా బంగారం" అని అత్తగారు మురిసిపోయింది. "అలగనీ. వాడే దిగొస్తాడు" అన్నాడు మామగారు. అలిగినవాళ్ళను బుజ్జగించకూడదు కదా, అందుకని వాడినీ ఎవరూ పలకరించలేదు.

కొడుకు వాడిని చంకల కింద పట్టుకుని, వెనక కాళ్ళు వేలాడుతుంటే మెట్లెక్కించి తెచ్చాడు. దారిలో బెంచీ కుయ్యిమని అరిచాడు. "ఎత్తుకున్నా ఏడుపేనా? ఎంత పొగర్రా నీకు" అంటూ వెనక గది గుమ్మంలో దించాడు. పెళ్ళాం వైపు చూడకుండా కుక్కతోనే "పోరా, అలిగినవాళ్ళ గది ఇదే. తోడుంటావు" అని వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే కోడలికి కుక్కలంటే ప్రాణమేమీ కాదు. వాడి వెంట్రుకలు ఊడ్చేది ఆమే, వర్షంలో వాడి బురదకాళ్ళు తుడిచేది ఆమే. ముద్దు అత్తగారిది, చాకిరీ కోడలిది. కానీ ఆ గదిలో గోడ కాకుండా చూడ్డానికి ఉన్నది వాడొక్కడే. రోజంతా వాడినే చూస్తూ కూర్చుంది.

వాడు వణుకుతున్నాడు. ఉక్కగా ఉంది, ఆమె మెడ మీద చెమట కారుతోంది, అయినా వాడు వణుకుతున్నాడు. చలేమోనని గుడ్డముక్క కప్పింది, వణుకు ఆగలేదు. ఏదైనా చూడాలంటే తల తిప్పడం లేదు, కళ్ళు మాత్రమే తిప్పుతున్నాడు. మరీ కావాలంటే ఒళ్ళంతా మెల్లగా తిప్పుతున్నాడు. పడుకోబోతాడు, సగం వంగి ఆగిపోతాడు, మళ్ళీ నిలబడతాడు. ఆమెది కటింగ్ మాస్టరు కన్ను, గీత ఎక్కడ వంకరపోయినా ఇట్టే పట్టేస్తుంది. బల్లలా ఉండాల్సిన వీపు మధ్యలో పైకి లేచి ఉంది. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా బిగుసుకుంది.

గిన్నె దగ్గర మరీ వింత. వాడు గిన్నె దాకా వెళ్ళాడు, వాసన చూశాడు, నోట్లో నీళ్ళూరి నేల మీద చుక్కలు కూడా పడ్డాయి. తల కిందికి దించబోయి ఠక్కున ఆపేశాడు. కాసేపు అలాగే నిలబడి వెనక్కి వచ్చేశాడు. ఆమె ఒక ముక్క తీసి అరచేతిలో వాడి మూతి ఎత్తుకు పట్టుకుంటే ఆబగా తినేశాడు.

అప్పుడు కోడలికి అనుమానం వచ్చింది. ఆమె కూడా అలిగే ఉంది కదా, అలక ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మెట్ల మీద చప్పుడైతే చాలు, చెవులు అటే పోతాయి. చూడనట్టు కూర్చున్నా ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఉంటాం. అలక అనేది ఎదుటివాళ్ళ కోసం పడేది. కానీ బెంచీ చెవి కదలడం లేదు. అత్తగారు గుమ్మం దాకా వచ్చి "ఏరా నాన్నా" అని ఆగలేక పిలిచి నాలిక్కరుచుకుంటే కూడా వాడికి పట్టలేదు. వాడు ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు. వాడికి ఎక్కడో నొప్పి.

సంగతి తెలిసింది సరే, చెప్పడమెలా? నోరు తెరిస్తే ఓడిపోతుంది. చీటీ రాసినా ఓడిపోతుంది. గుమ్మం దాటినా అంతే. అడకత్తెరలో పోకచెక్కయిపోయింది ఆమె బతుకు.

శనివారం సాయంత్రం మొగుడు పళ్ళెం పెట్టడానికి వచ్చి, గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని కుక్కతో గుసగుసలాడాడు. "ఒరే బెంచీ, నాన్న మెత్తబడ్డాడ్రా. 'పోనీ, వెళ్తే వెళ్ళనీ' అన్నాడు ఇవాళ. అమ్మే ఆపుతోంది. సోమవారం పొద్దున ఆయనే వచ్చి పిలిచేట్టున్నాడు. అందాకా నోరు మెదపొద్దని చెప్పరా మీ వదినకి." బెంచీకి ఆమె ఎలా వదినయిందో ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు. ఆమె కళ్ళతో, చేతులతో కుక్క వైపు చూపించి, వీపు తడిమి, మొహం నొప్పిగా పెట్టి చూపించింది. అతను "నాకూ బాధగానే ఉందిరా" అని కుక్కతో చెప్పి కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాడు. తల బాదుకోవాలనిపించింది ఆమెకు.

ఇంకొక్క రోజు. ఆదివారం ఒక్కటి గడిస్తే ఆమె ఆ మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళి, బస్సెక్కి, పదిమంది ఆడపిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడొచ్చు. కుక్క కదా, ఒక్కరోజుకి ఏమవుతుంది అని మనసుకు సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున బెంచీ లేచి రెండడుగులు వేశాడు. వెనక కాలి గోళ్ళు నేలమీద బరబరా గీసుకున్నాయి. ఆమె దగ్గరికి జరిగి చూసింది. వాడి కుడి వెనక పాదం లోపలికి మడతపడి, పాదం పైభాగం నేలకు ఆని ఉంది. వాడు దాని మీదే నిలబడ్డాడు. అలా మడతపడిందని వాడికి తెలిసినట్టే లేదు. ఆమె మెల్లగా సరిచేసింది. ఇంకో అడుగు వేశాడు, మళ్ళీ మడత. మూడో అడుగుకి వెనక భాగమంతా ఒక పక్కకి ఒరిగిపోయింది. వాడు అరవలేదు. ఆమె మొహంలోకి చూశాడు.

ఆమె పిడికిలితో నేలను దబదబా బాదింది. కింద కొట్లోంచి అత్తగారి నవ్వు వినిపించింది. "విన్నారా, కాళ్ళు నేలకేసి కొడుతోంది. ఓపిక అయిపోయినట్టుంది. కాస్త బిగబట్టండి, మీరు పలక్కండి."

అంతే. ఇక కోడలికి సోమవారం లేదు, ఉద్యోగం లేదు, గెలుపు లేదు.

"అత్తయ్యా! మామయ్యా! పైకి రండి! బెంచీ కాళ్ళు పడిపోతున్నాయ్!"

గొంతు గుర్తుపట్టడానికి వాళ్ళకి క్షణం పట్టింది. తర్వాత మెట్ల మీద ఒకటే పరుగు. ఏమనుకున్నారు, కుక్క కోసం అనుకున్నారా? మామగారు చేతులు చాచి "పలికింది! పలికింది!" అంటూ ఏనుగెక్కినంత సంబరంగా వచ్చాడు. అత్తగారు వెనకాలే కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వుతోంది. మొగుడు ఆఖర్న వచ్చి "అయ్యో, ఒక్కరోజు ఆగలేకపోయావా" అన్నాడు.

"నేను ఓడిపోయాను, సరే! ఒప్పుకున్నా! వీడికి నడుం నొప్పి. అలక కాదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

"భలేదానివే అమ్మాయ్," అన్నాడు మామగారు, "పలకడానికి కుక్క వంక దొరికిందా? వాణ్ణి తిట్టింది నేను. వాడి అలక నాకు తెలీదా?"

"నా బిడ్డ సంగతి నాకు తెలీదుటే, నువ్వు చెప్పాలా?" అంది అత్తగారు.

ఆ ఇంట్లో మాట అనేది ఎప్పుడూ ఒక ఎత్తుగడే. నిజం చెప్పడానికి కూడా మాట వాడతారని వాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. గోడకు తల కొట్టుకున్నా వీళ్ళకు వినపడదనిపించింది. అప్పుడు ఆమె కళ్ళు గిన్నె మీద పడ్డాయి.

"సరే అత్తయ్యా. వీడికి గుడ్డు పెట్టండి. మీ చేత్తోనే."

అత్తగారు గుడ్డు చిదిపి గిన్నెలో వేసి నేలమీద పెట్టింది. బెంచీ దాని ముందు నిలబడి, కళ్ళు దించి చూసి, తల దించకుండా ఊరుకున్నాడు. "చూశావా, ఇంకా కోపం పోలేదు" అంది ఆవిడ. కోడలు గుమ్మం బయటి స్టూలు లోపలికి తెచ్చింది, ఎత్తు ఎక్కువైంది. స్పాంజి ముక్కలు మూడు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి, వాడి మూతి ఎత్తుకు సరిపోయాక వాటిపైన గిన్నె పెట్టింది.

వాడు తినేశాడు. గుడ్డంతా, అడుగున అంటుకున్న పొడితో సహా నాకేశాడు. తింటున్నంతసేపూ వెనక కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అయ్యాక ఇంకా పెడతారేమోనని అత్తగారి వైపు కళ్ళు తిప్పాడు.

"అలిగినవాడు ఇలా తింటాడా మామయ్యా?"

మామగారి చూపు వాడి పాదం మీద ఉంది. వంగి, మడతపడ్డ పాదాన్ని వేలితో సరిచేశాడు. అది మళ్ళీ మడతపడింది. "ఏమేవ్," అన్నాడు ఆ పాదం వదలకుండానే. "బండి తియ్యమను అబ్బాయిని."

ఆదివారం కూడా తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి ఒకటుంది. డాక్టరమ్మ వాడి వీపు పొడుగునా వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. ఒకచోట వాడు ఒళ్ళంతా బిగించి, మూతి తిప్పి ఆవిడ చేతిని నాకాడు. పాదం గట్టిగా గిల్లితే వెనక్కి లాక్కున్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

"స్పర్శ పోలేదు. అదృష్టం. ఎక్కడం దూకడం బాగా అలవాటా వీడికి?"

మామగారు సోఫాల సంగతంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయన గొంతు తగ్గిపోయింది. డాక్టరమ్మ తిట్టలేదు. ఈ జాతికి దూకినా దూకకపోయినా వెన్నెముక జబ్బు తొందరగా వస్తుందని, దూకుళ్ళు దాన్ని ఇంకాస్త తొందరపెడతాయని చెప్పింది. వెన్నుపూసల మధ్య మెత్తలుంటాయట. వీళ్ళకు అవి చిన్న వయసులోనే గట్టిపడి, ఒకరోజు లోపలి పదార్థం బయటికి పొర్లి నరాన్ని నొక్కుతుందట. మామగారు తల ఊపాడు. జీవితమంతా స్పాంజితో గడిపిన మనిషి ఆయన. పైన గుడ్డ చెక్కుచెదరకుండా ఉండగానే లోపల స్పాంజి గట్టిపడి పొడైపోవడం ఆయనకు కొత్త కాదు. ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"మరి అరవలేదేంటండీ?" అంది అత్తగారు. "నొప్పయితే అరవాలిగా?"

"అందరూ అరవరండీ. వణుకుతారు, ముడుచుకుంటారు, మెట్లెక్కరు, మూల కూర్చుంటారు. అలిగినట్టే ఉంటుంది. మనమే దగ్గరికెళ్ళి ఎక్కడ నొప్పో చూసుకోవాలి. రేపటిదాకా ఆగుంటే మందులతో సరిపోతుందని చెప్పగలిగేదాన్ని కాదు. ఎవరు కనిపెట్టారు?"

మొగుడు గడ్డంతో పెళ్ళాం వైపు చూపించాడు.

మందులతోపాటు బోను రాసిచ్చింది డాక్టరమ్మ. వారాలపాటు వాడు చిన్న బోనులోనే ఉండాలి. గెంతులు, మెట్లు, సోఫాలు అన్నీ బంద్. ఒంటికీ రెంటికీ ఎత్తుకుని తీసుకెళ్ళాలి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద, వీపు కర్రలా బారుగా ఉండాలి. చంకలు పట్టి లేపితే ఉన్నది కాస్తా ఊడుతుందని ఆవిడ మరీమరీ చెప్పింది.

సాయంత్రానికల్లా మామగారు సోఫా చెక్కలతో బోను చేశాడు. ఎక్కి దూకడానికి ఏమీ లేని గది వెనక గదే కాబట్టి అక్కడే పెట్టారు. అప్పుడు అత్తగారు మాట తేల్చేసింది. "ఇంకేం ఆలోచన? కోడలే చూసుకుంటుంది. వీడి బాధ దానికే తెలుస్తుంది." మామగారు తల ఊపాడు. మొగుడు తన కాలిగోళ్ళు చూసుకున్నాడు.

అయిపోయింది. ఎలాగూ ఓడిపోయింది, పైగా వాడి నొప్పి కనిపెట్టిన పుణ్యానికి ఆ గదికే కట్టేశారు. బోనులో వాడు, గదిలో ఆమె. ఇంట్లో వేరే చోటేదీ తనది కాదన్నట్టు ఆమె పోయి బోను పక్కన, గోడవైపు తిరిగి కూర్చుంది. ఈసారి అలక కాదు. మెట్ల మీద చప్పుడైనా చెవి అటు పోలేదు.

సోమవారం పొద్దున అత్తగారు వాడి మందూ, గుడ్డూ, కోడలికి టీ పట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఆగింది. బోనులో బెంచీ వణుకు తగ్గి నిద్రపోతున్నాడు. పక్కన కోడలు భుజాలు దగ్గరికి లాక్కుని, మెడ వంచకుండా గోడనే చూస్తోంది. ముందురోజు పెట్టిన పళ్ళెం పెట్టినచోటే ఉంది.

అత్తగారు చాలాసేపు అలాగే చూసింది. తర్వాత గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆ గదిలో కూర్చున్న మనిషిని ఓదార్చడానికి ఆ ఇంట్లో ఎవరైనా వెళ్ళడం అదే మొదలు. స్పాంజి మీద చతికిలబడి, కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

"నీకెక్కడే నొప్పి?"

కోడలు తిరిగి చూసింది. ఒక్కసారిగా భోరుమంది.

"ఊపిరాడట్లేదు అత్తయ్యా. ఈ మెట్లూ, ఈ గోడలూ... చచ్చిపోతానేమో అనిపిస్తోంది. ఫ్యాను వద్దు."

అత్తగారి చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఎన్నాళ్ళనించే?" అని అడిగింది. జవాబు వినకుండానే ఆవిడకి అర్థమైనట్టుంది, మొహం చిన్నబోయింది. "కోరిక అనుకున్నాను. పంతం అనుకున్నాను," అని తనలో తనే గొణుక్కుంది. కొంగుతో ముందు కోడలి మొహం తుడిచి, తర్వాత తన ముక్కు చీదుకుంది.

"ఆ కుట్టు బడివాళ్ళకి ఇవాళేగా చెప్పాల్సింది?"

"మరి బెంచీ?"

"నేను లేనూ?"

"మామయ్య?"

"అలుగుతాడేమో. అలగడానికి గది ఎక్కడుంది, బోను పెట్టేశాంగా!" అంది అత్తగారు. ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ చప్పుడుకి బెంచీ కళ్ళు తెరిచి, లేవబోయి ఆగాడు. బయటికి తీసుకెళ్ళే వేళయింది.

"మీరెత్తండి అత్తయ్యా."

ఆవిడ బోను తలుపు తీసింది. ఎన్నేళ్ళుగానో చంకలు పట్టి ఎగరేసి ముద్దులాడిన చేతులు, అలవాటుగా చంకల వైపే పోయాయి. "ఊహూ" అంది కోడలు. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుని, చీరకు తుడుచుకుని, ఒకటి వాడి రొమ్ము కిందికి పోనిచ్చింది. ఇంకొకటి పిరుదుల కిందికి. పెదాలు బిగబట్టి, ఊపిరి కూడా పీల్చకుండా మెల్లగా లేపింది. కోడలు వీపు గీతనే చూస్తోంది. గీత బారుగా లేచింది.

బెంచీ అరవలేదు. ఒక నిట్టూర్పు విడిచి గడ్డం ఆవిడ మోచేతి మీద ఆనించాడు.

అత్తగారు వాడి మీంచి కళ్ళు తిప్పకుండానే, ఒక్కో అడుగూ చూసుకుంటూ గుమ్మం వైపు నడిచింది. అక్కడ ఆగి "ఇంకా నిలబడ్డావేం?" అంది. "వీడు అరవలేదుగా. వెళ్ళు, ఫోను చెయ్యి."